పాలపొడిలో అయోడిన్‌ని న్యూట్రాన్లతో కొలవడం ఎలా

ప్రయోగశాలలు తమ కొలత సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి వాడే ఒక పాలపొడి ఉంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ దాన్ని 1549 నంబరుతో తయారుచేసింది. అందులో ఒక గ్రాముకు సోడియం దాదాపు 5 మిల్లీగ్రాములు, క్లోరిన్ దాదాపు 11 మిల్లీగ్రాములు. అయోడిన్ మాత్రం 3.38 మైక్రోగ్రాములు. అంటే అయోడిన్ ఒక వంతు ఉంటే సోడియం 1500 వంతులు, క్లోరిన్ 3000 వంతులు పైనే. మీరు చేయబోయే పనంతా ఈ రెండింటి హోరులో అయోడిన్ గొంతు వినడమే.

ఇంత కష్టపడటం దేనికంటే, పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాములు, గర్భిణులకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కడుపులో బిడ్డ మెదడు ఎదిగే నెలల్లో ఇది బాగా తగ్గితే ఆ నష్టం తర్వాత పూడదు. మన దేశంలో ఉప్పుకు అయోడిన్ కలిపేది అందుకే. ఇంటికి చేరేసరికి కనీసం 15 పీపీఎం (కిలోకు 15 మిల్లీగ్రాములు) ఉండాలని నియమం. బీపీ ఉన్నవాళ్లను ఉప్పు తగ్గించమంటున్నాం కాబట్టి పాల నుంచి, గుడ్ల నుంచి, చేపల నుంచి ఎంత వస్తోందో కచ్చితంగా తెలియాలి. ఆహార పట్టికలో ఒక్క అంకె తప్పు పడితే దాన్ని నమ్మి వేసే లెక్కలన్నీ తప్పుతాయి. అందుకే న్యూట్రాన్ ఆక్టివేషన్ అనే ఈ పద్ధతిని, అంటే శాంపిల్‌ని రియాక్టర్‌లో న్యూట్రాన్లకు గురిచేసి అది వదిలే కిరణాలతో అయోడిన్‌ని లెక్కకట్టడాన్ని, ఓపిగ్గా నేర్చుకోండి.

ముందు తేల్చుకోవాల్సిన విషయం

మీ శాంపిల్‌కి ఈ పద్ధతి అవసరమా? ఉప్పులో అయోడిన్ కొలవాలంటే అవసరం లేదు. థయోసల్ఫేట్ టైట్రేషన్ చాలు. పైగా ఉప్పంటేనే సోడియం, క్లోరిన్. దాన్ని రియాక్టర్‌లో పెడితే ఆ రెండూ తప్ప మరేమీ కనిపించవు. ఊళ్లలో సర్వే చేసి వందల మూత్రం శాంపిళ్లు తెచ్చినా ఇది దారి కాదు. 1937లో వచ్చిన శాండెల్-కోల్తాఫ్ రంగు చర్య గానీ, పరమాణువులను వాటి బరువుని బట్టి లెక్కపెట్టే ఐసీపీ-ఎంఎస్ యంత్రం గానీ ఆ పనిని తొందరగా, తక్కువ ఖర్చుతో చేస్తాయి.

న్యూట్రాన్ ఆక్టివేషన్ విలువ వేరే చోట ఉంది. మిగతా పద్ధతుల్లో చాలావాటికి శాంపిల్‌ని ముందు కరిగించాలి. అయోడిన్ పారిపోయేది, లేదా బయటి నుంచి వచ్చి చేరేది ఎక్కువగా ఆ కరిగించే దశలోనే. ఇక్కడ పొడిని పొడిగానే కొలుస్తాం. కాబట్టి రెండు ల్యాబుల అంకెలు కలవనప్పుడు, కొత్త పద్ధతిని సరిచూడాల్సినప్పుడు, ఒక ప్రమాణ పదార్థానికి విలువ కట్టాల్సినప్పుడు దీన్ని వాడండి.

ఇంకో షరతు కూడా ఉంది. లెక్కపెట్టే డిటెక్టర్ రియాక్టర్ పక్కనే ఉండాలి. మనం కొలిచే అయోడిన్-128 అనే రేడియోధార్మిక అయోడిన్ అర్ధాయువు, అంటే అది సగానికి తరగడానికి పట్టే సమయం, 25 నిమిషాలు. ముంబైలోని ట్రాంబే రియాక్టర్‌లో వికిరణం చేసి (న్యూట్రాన్లకు గురిచేసి) హైదరాబాద్‌కి తెచ్చి కొలుద్దాం అనుకుంటే, 4 గంటల 10 నిమిషాల్లోనే పుట్టినదాంట్లో 1024వ వంతు మాత్రమే మిగులుతుంది. తార్నాకలోనో తిరుపతిలోనో శాంపిల్ సిద్ధం చేసుకోవచ్చు. కొలత దగ్గరికి మాత్రం మీరే శాంపిల్‌తో వెళ్లాలి. అందుకని ప్రయాణానికి ముందే అన్నీ తూచి, సీల్ చేసి, నంబర్లు వేసి పెట్టుకోండి.

లోపల జరిగేది ఇది

ప్రకృతిలో దొరికే స్థిరమైన అయోడిన్ అంతా ఒకే ఐసోటోప్, అయోడిన్-127. అది ఒక న్యూట్రాన్‌ని మింగితే అయోడిన్-128 అవుతుంది. అది క్షీణిస్తూ 442.9 కేఈవీ (కిరణాల శక్తిని చెప్పే కొలమానం) గామా కిరణాన్ని వదులుతుంది. క్షీణించే ప్రతి వంద కేంద్రకాల్లో పన్నెండు, పదమూడే ఆ కిరణాన్ని ఇస్తాయి. ఆ కిరణాలను జెర్మేనియం డిటెక్టర్‌తో లెక్కపెట్టి, తెలిసిన బరువున్న స్టాండర్డ్‌తో పోలుస్తాం.

అదే సమయంలో సోడియం 15 గంటల అర్ధాయువున్న సోడియం-24గా, క్లోరిన్ 37 నిమిషాల క్లోరిన్-38గా మారతాయి. వాటి గామా కిరణాలు చాలా శక్తిమంతమైనవి. అవి డిటెక్టర్‌లో పూర్తిగా ఆగకుండా తప్పించుకుపోతూ కొంత శక్తిని మాత్రమే వదిలేస్తాయి. అలా 443 దగ్గర పెద్ద మెట్టలా బ్యాక్‌గ్రౌండ్ పేరుకుంటుంది. మన చిన్న పీక్, అంటే అయోడిన్ కిరణాల కౌంట్లు గ్రాఫ్‌లో చేసే శిఖరం, ఆ మెట్ట మీద ఉంటుంది. క్లోరిన్-38 అర్ధాయువు మన అయోడిన్‌కి దగ్గర్లోనే ఉంది కాబట్టి ఆగి చూస్తే తగ్గుతుందన్న ఆశ కూడా లేదు.

శాంపిల్ సేకరణ, శుభ్రత

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. అయోడిన్ మన చుట్టూ ఉంది. గాయాలకు పూసే మందులో, పాల కేంద్రాల్లో ఆవు పొదుగు కడిగే ద్రావణాల్లో, కొన్ని ఫ్లోర్ క్లీనర్లలో, మధ్యాహ్నం తిన్న పెరుగన్నంలోని ఉప్పులో కూడా. పది శాతం పోవిడోన్ అయోడిన్ ద్రావణంలో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది. దాంట్లో ఒక్క మైక్రోలీటరులో 10 మైక్రోగ్రాములు. మనం కొలవబోయే అర గ్రాము పాలపొడిలో ఉండేది 0.4 మైక్రోగ్రాములు అనుకుంటే, కంటికి కనిపించని ఆ చుక్కలో దానికి 25 రెట్లు ఉంది.

నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో వేలికి చిన్న గాయమైతే ఆ మందే రాసుకున్నాను. గ్లవ్స్ వేసుకోకముందు అదే చేత్తో వయల్ మూతలు తీశాను. ఆ రోజు ఖాళీ వయల్స్ అన్నింట్లోనూ 443 దగ్గర పీక్ వచ్చింది. కారణం తెలియడానికి వారం పట్టింది, ఆ వారం నాకు దొరికిన రియాక్టర్ సమయం మొత్తం వృథా అయింది. మీకు అలా జరగకూడదు. శాంపిల్ గదిలోకి అయోడిన్ మందులు రానివ్వకండి. పౌడర్ లేని గ్లవ్స్ వాడండి, శాంపిల్ మారినప్పుడల్లా మార్చండి. వండిన అన్నం కూరలు కొలుస్తుంటే అందులో వేసిన ఉప్పు ఏదో, ఎంతో రాసి పెట్టుకోండి. కిలో కూరలో 15 పీపీఎం ఉప్పు 10 గ్రాములు వేస్తే, ఆ ఉప్పు నుంచే 150 మైక్రోగ్రాములు చేరుతుంది. అది రాయకపోతే మీరు కొలిచింది కూరగాయనా ఉప్పునా అన్నది ఎవరికీ తెలియదు.

ఎండబెట్టడం, తూచడం

పాలు, గుడ్డు, చేప లాంటి తడి పదార్థాలను ఫ్రీజ్ డ్రైయర్‌లో గడ్డకట్టించి ఎండబెట్టండి. ఓవెన్‌లో మాడ్చకండి. ఈ దశలో ఆమ్లం అసలు కలపకండి. ఆమ్లంలో, అందులోనూ ఆక్సీకరించే ఆమ్లంలో, అయోడైడ్ అణు అయోడిన్‌గా మారి ఆవిరైపోతుంది. క్షారంలో నిలకడగా ఉంటుంది. ఎండబెట్టడానికి ముందూ తర్వాతా బరువు చూసుకుని తేమ శాతం రాసుకోండి. చివరికి ఫలితం తడి బరువుకా, పొడి బరువుకా అని అడిగితే చెప్పగలగాలి.

పొడిని మెత్తగా చేయడానికి స్టీల్ బ్లేడ్ కన్నా అగేట్ రోలు మేలు. స్టీల్‌లో మాంగనీస్ ఉంటుంది, అది వచ్చి కలిస్తే మాంగనీస్-56 బ్యాక్‌గ్రౌండ్ పెరుగుతుంది.

వయల్స్ పాలిథీన్‌వి తీసుకోండి. పీవీసీ పనికిరాదు, దాని నిండా క్లోరినే. వయల్స్‌ను పల్చని నైట్రిక్ ఆమ్లంలో ఒక రాత్రి నానబెట్టి, శుద్ధ నీటితో పలుమార్లు కడిగి, దుమ్ము పడని చోట ఆరబెట్టండి. నంబరు వయల్ మీద స్కెచ్ పెన్నుతో రాయకుండా సూదితో గీయండి. ఒక్కో దాంట్లో 400 నుంచి 500 మిల్లీగ్రాములు నింపి, మూత వేడితో సీల్ చేయండి. దాన్ని ఇంకో పెద్ద వయల్‌లో పెట్టండి. రాబిట్ అని పిలిచే గాలి గొట్టపు క్యాప్సూల్‌లో వెళ్లేది ఆ బయటి వయల్. వికిరణం తర్వాత బయటిది తీసేసి లోపలి వయల్‌ని అలాగే డిటెక్టర్ మీద పెడతారు.

పొడిని వయల్ లోంచి తీసి కొత్త దాంట్లో పోసి లెక్కపెడితే వయల్ బ్లాంక్ (ఖాళీ వయల్ నుంచే వచ్చే సంకేతం) బాధ తప్పుతుంది కదా అని మీకు అనిపిస్తుంది. అలా చేయకపోవడానికి ఒక కారణం ఉంది. న్యూట్రాన్‌ని మింగిన అయోడిన్ పరమాణువు గామా కిరణం వదలగానే తుపాకీలా వెనక్కి తన్నుకుంటుంది, తను కట్టుబడి ఉన్న బంధాన్ని తెంచుకుంటుంది. 1934లో లండన్‌లో సిలార్డ్, చామర్స్ ఇథైల్ అయోడైడ్ ద్రవంతో చూపించింది ఇదే. అలా తెగిన అయోడిన్-128 కొంత వయల్ గోడకు అంటుకోవచ్చు. పొడిని బయటకు తీస్తే గోడకు అంటినది లెక్కలోకి రాదు. అందుకే లోపలి వయల్‌తో సహా లెక్కపెట్టి, ఖాళీ వయల్ విలువని తీసేయడం మంచిది.

స్టాండర్డ్ తయారీ

పొటాషియం అయోడేట్ తీసుకోండి. స్వచ్ఛంగా దొరుకుతుంది, గాలిలో తేమ పీల్చదు. 168.6 మిల్లీగ్రాములు తూచి లీటరు నీటిలో కరిగిస్తే, మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల అయోడిన్ వస్తుంది. దాన్ని వంద రెట్లు పల్చన చేస్తే మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము. ఇందులో 400 మైక్రోలీటర్లు తీసి, వయల్‌లో ముందే పెట్టిన సెల్యులోజ్ పొడి మీద చుక్కలు చుక్కలుగా వేసి నెమ్మదిగా ఆరనివ్వండి. అది 400 నానోగ్రాముల స్టాండర్డ్. వయల్‌లో పొడి ఎత్తు శాంపిల్ ఎత్తుకి సమానంగా ఉండాలి. లేకపోతే డిటెక్టర్‌కి దూరం మారి లెక్క తప్పుతుంది.

కొందరు స్టాండర్డ్‌లో అయోడిన్ బాగా ఎక్కువ పెడతారు, పీక్ అందంగా రావడానికి. వద్దు. అయోడిన్ కొన్ని నిర్దిష్ట శక్తుల దగ్గర న్యూట్రాన్లను విపరీతంగా మింగుతుంది. ఎక్కువ మోతాదు ఒకచోట గుట్టగా ఉంటే పై పొర లోపలి పొరకి న్యూట్రాన్లను చేరనివ్వదు. నానోగ్రాముల నుంచి కొన్ని మైక్రోగ్రాముల లోపే ఉంచండి, సెల్యులోజ్‌లో పరుచుకునేలా చూడండి. విడిగా తూచిన రెండో అయోడేట్ నుంచి ఇంకో స్టాండర్డ్ కూడా చేసి రెండూ కలుస్తున్నాయో చూడండి. తూకంలో పొరపాటు దొరకడానికి వేరే దారి లేదు.

బోరాన్ కవచం

ఈ పద్ధతికి ప్రాణం ఇదే. రియాక్టర్‌లో నెమ్మదిగా కదిలే థర్మల్ న్యూట్రాన్లు, వాటికన్నా చురుకైన ఎపిథర్మల్ న్యూట్రాన్లు రెండూ ఉంటాయి. ఒక్కో మూలకం ఒక్కో రకం వైపు మొగ్గుతుంది. థర్మల్‌తో పోలిస్తే ఎపిథర్మల్ న్యూట్రాన్లకు అయోడిన్ చూపించే ఆకలి దాదాపు 25 రెట్లు. సోడియంకి ఆ నిష్పత్తి 0.6, క్లోరిన్‌కి 0.7, మాంగనీస్‌కి 1 చుట్టుపక్కల. కాబట్టి థర్మల్ న్యూట్రాన్లను బయటే ఆపేస్తే సోడియం, క్లోరిన్‌లకు తిండి దొరకదు, అయోడిన్ మాత్రం తింటూనే ఉంటుంది.

అంకెల్లో చూద్దాం. మీ రియాక్టర్‌లో థర్మల్ ప్రవాహం ఎపిథర్మల్‌కి 20 రెట్లు ఉందనుకోండి. క్యాడ్మియం కవచం వేస్తే అయోడిన్ నుంచి వచ్చే సంకేతంలో దాదాపు 55 శాతం నిలుస్తుంది. సోడియంలో 3 శాతమే మిగులుతుంది. సగం పోగొట్టుకున్నట్టు అనిపించినా, సోడియంతో పోలిస్తే మీరు 19 రెట్లు లాభపడ్డారు.

క్యాడ్మియం మిల్లీమీటరు మందం రేకు చాలు. కానీ అదీ రేడియోధార్మికమవుతుంది. 321 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది. విషపదార్థం కూడా. ప్రతిసారీ చేత్తో తీసి పెట్టే పని అయితే బోరాన్ నైట్రైడ్ గానీ బోరాన్ కార్బైడ్ గానీ మేలు. వికిరణం తర్వాత వాటిలో పెద్దగా రేడియోధార్మికత మిగలదు. ఇబ్బందల్లా ఒక్కటే. బోరాన్ న్యూట్రాన్‌ని మింగినప్పుడల్లా ఆల్ఫా కణం పుట్టి వేడెక్కుతుంది, లోపల ఉన్నది పాలిథీన్ వయల్. ఎన్ని నిమిషాలు ఉంచవచ్చో ఆ రియాక్టర్ నడిపేవాళ్లు చెప్పినదాన్ని దాటకండి. కొత్త కవచమైతే ముందు ఖాళీ వయల్ పంపి, మెత్తబడిందా, రంగు మారిందా చూసుకోండి.

కెనడాలోని హాలిఫాక్స్‌లో డల్హౌసీ యూనివర్సిటీ వాళ్లు స్లోపోక్-2 అనే చాలా చిన్న రియాక్టర్‌తో ఏళ్లపాటు ఆహార పదార్థాల్లో అయోడిన్‌ని ఈ దారిలోనే కొలిచారు. ఎపిథర్మల్ న్యూట్రాన్లను, కాంప్టన్ సప్రెషన్‌ని (బ్యాక్‌గ్రౌండ్ తగ్గించే ఏర్పాటు, డిటెక్టర్ దగ్గర వివరిస్తాను) కలిపి వాడారు. ఈ పనికి పెద్ద రియాక్టరే కావాలని లేదు.

గడియారం పట్టుకుని చేసే భాగం

వికిరణం 10 నిమిషాలు, ఆగడం 5 నిమిషాలు, లెక్కపెట్టడం 30 నిమిషాలు. ఈ పట్టికతో మొదలుపెట్టండి.

10 నిమిషాల్లో అయోడిన్-128 అది చేరగలిగిన గరిష్ఠంలో 24 శాతానికి చేరుతుంది. 25 నిమిషాలకు 50 శాతం, 50 నిమిషాలకు 75 శాతం. ఆ పైన లాభం మందగిస్తుంది, సోడియం-24 మాత్రం ఆగకుండా పెరుగుతూనే ఉంటుంది. ప్రవాహం బలహీనంగా ఉంటే 20 నిమిషాలు, 25 నిమిషాలు పెట్టండి, అంతకన్నా వద్దు.

5 నిమిషాలు ఎందుకు ఆగాలి? రెండు శత్రువులు చావడానికి. ఒకటి అల్యూమినియం-28, అర్ధాయువు 2.24 నిమిషాలు. పాలలో అల్యూమినియం ఎక్కడిదని అనుకోకండి. వేగమైన న్యూట్రాన్లు పాలలోని ఫాస్ఫరస్‌ని కొట్టినా అదే పుడుతుంది. బోరాన్ కవచం వేగమైన న్యూట్రాన్లను ఆపదు. రెండోది నియాన్-23. వేగమైన న్యూట్రాన్లు సోడియంని కొడితే పుట్టే ఇది 440 కేఈవీ దగ్గర గామా ఇస్తుంది, మన పీక్‌కి ఆనుకునే. దాని అర్ధాయువు 37 సెకన్లు. 5 నిమిషాల్లో 250వ వంతు కన్నా తక్కువకి పడిపోతుంది. తొందరపడి రెండు నిమిషాలకే లెక్క మొదలుపెట్టిన విద్యార్థులు దీన్నే అయోడిన్ అనుకుంటారు.

సమయాలన్నీ సెకన్లతో రాయండి. నిమిషానికి అయోడిన్-128లో 2.7 శాతం తరిగిపోతుంది. వికిరణం ముగిసిన సమయం ఒక నిమిషం అటూ ఇటూ రాసినా ఫలితం అంత మేర తప్పినట్టే. రియాక్టర్ గది గడియారం, మీ కంప్యూటర్ గడియారం ఉదయాన్నే ఒకదానితో ఒకటి కలపండి.

ఒక్క డిటెక్టర్‌తో రోజుకు ఎనిమిది, పది వయల్స్ అవుతాయి. వరసలో మొదట స్టాండర్డ్, తర్వాత శాంపిల్, ఖాళీ వయల్, ప్రమాణ పాలపొడి, మళ్లీ శాంపిళ్లు, చివర ఇంకో స్టాండర్డ్. ఉదయం, సాయంత్రం స్టాండర్డ్‌లు కలవకపోతే రోజులో న్యూట్రాన్ ప్రవాహం మారిందన్నమాట. బంగారం తీగ ముక్క మానిటర్‌గా ప్రతి వయల్‌తోపాటు పంపగలిగితే ఆ మార్పుని సరిదిద్దవచ్చు. లెక్కపెట్టే ముందు దాన్ని వేరుచేయడం మరవద్దు.

డిటెక్టర్ దగ్గర

మామూలు జెర్మేనియం డిటెక్టర్‌తోనూ పని జరుగుతుంది. కాంప్టన్ సప్రెషన్ ఉంటే మాత్రం ఫలితం ఎంతో మెరుగవుతుంది. అందులో జెర్మేనియం చుట్టూ సోడియం అయోడైడ్ గానీ బీజీఓ (బిస్మత్ జెర్మనేట్) గానీ స్ఫటికాలతో చేసిన కాపలా డిటెక్టర్ ఉంటుంది. రెండూ ఒకేసారి మోగితే ఆ కౌంట్‌ని పక్కన పెట్టేస్తారు. సోడియం-24, క్లోరిన్-38 రెండూ గామా కిరణాలను జంటగా వదులుతాయి కాబట్టి అవి తేలిగ్గా దొరికిపోతాయి. అయోడిన్-128 గామా ఎక్కువగా ఒంటరిగా వస్తుంది కాబట్టి పోదు. ఈ అదృష్టం ప్రతి మూలకానికీ ఉండదు.

డెడ్ టైమ్, అంటే డిటెక్టర్ ఒక కౌంట్‌తో తలమునకలై కొత్తది పట్టలేని సమయం, 10 శాతం దాటకుండా దూరం సర్దండి. లెక్క మొదట్లో ఎక్కువగా, చివర్లో తక్కువగా ఉంటుంది కాబట్టి సగటు డెడ్ టైమ్‌తో చేసే సవరణ సరిపోదు. కౌంట్ కౌంట్‌కీ సవరించే ఎలక్ట్రానిక్స్ ఉంటే అది ఆన్ చేయండి. శాంపిల్‌కి, స్టాండర్డ్‌కి ఒకే దూరం వాడండి.

30 నిమిషాలని ఒకే స్పెక్ట్రమ్‌గా కాకుండా 15, 15గా రెండు తీసుకోండి. రెండో దాంట్లో పీక్ మొదటిదానిలో 66 శాతం ఉండాలి. ఉంటే అది అయోడినే. తగ్గకుండా అలాగే ఉంటే ఇంకేదో ఉంది. చేపల్లో, గుల్లల్లో జింక్ ఎక్కువగా ఉంటే 439 దగ్గర జింక్-69 ఐసోమర్ పీక్ వస్తుంది. దాని అర్ధాయువు దాదాపు 14 గంటలు. మంచి డిటెక్టర్ ఆ రెంటినీ విడదీస్తుంది, కానీ మీ సాఫ్ట్‌వేర్ రెంటినీ కలిపి ఒకే పీక్‌గా లెక్కేయవచ్చు. ప్రతి పీక్‌నీ కంటితో చూడండి. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకెను చూడకుండా కాపీ చేయకండి.

లెక్క

శాంపిల్‌లో అయోడిన్ అంటే స్టాండర్డ్‌లోని అయోడిన్ బరువుని శాంపిల్ పీక్‌తో గుణించి స్టాండర్డ్ పీక్‌తో భాగించడమే. అంతకుముందు రెండు పీక్‌లనూ ఆగిన సమయం, లెక్కపెట్టిన సమయం, ప్రవాహం తేడాలకు సవరించండి. ఖాళీ వయల్ విలువ తీసేసి, శాంపిల్ బరువుతో భాగించండి.

కనుగొనగల హద్దుకి, అంటే మీ కొలత పట్టగల అతి తక్కువ మోతాదుకి, 1968లో లాయిడ్ క్యూరీ ఇచ్చిన సూత్రం వాడండి. బ్యాక్‌గ్రౌండ్ కౌంట్ల వర్గమూలాన్ని 4.65తో గుణించి 2.71 కలపాలి. ఉదాహరణకు నానోగ్రాము అయోడిన్‌కి మీకు 11 కౌంట్లు వస్తాయనుకోండి. పీక్ కింద బ్యాక్‌గ్రౌండ్ 10,000 అయితే హద్దు 468 కౌంట్లు, అంటే దాదాపు 42 నానోగ్రాములు. కాంప్టన్ సప్రెషన్ పెట్టి బ్యాక్‌గ్రౌండ్‌ని 2,500కి దించితే అది 235 కౌంట్లు, 21 నానోగ్రాములు అవుతుంది. బ్యాక్‌గ్రౌండ్‌ని నాలుగో వంతు చేస్తే హద్దు సగమే తగ్గుతుంది. బియ్యం లాంటి అయోడిన్ తక్కువున్న శాంపిళ్లకు ఇది సరిపోకపోవచ్చు. అప్పుడు హద్దు కన్నా తక్కువ అని ఆ హద్దు అంకెతో సహా రాయండి. సున్నా అని రాయకండి.

ప్రమాణ పాలపొడి విలువ తప్పు వచ్చిందా? ఎక్కువ వస్తే బ్లాంక్‌ని, చేతుల్ని, తూకాన్ని అనుమానించండి. తక్కువ వస్తే ఎండబెట్టడాన్ని, సీల్‌ని, స్టాండర్డ్ గుట్టగా ఉందేమో అన్నదాన్ని చూడండి. యూరప్ వాళ్ల బీసీఆర్-063ఆర్ పాలపొడిలో అయోడిన్ గ్రాముకు 0.81 మైక్రోగ్రాములు. మీ శాంపిళ్ల స్థాయి దానికి దగ్గరగా ఉంటే 3.38 ఉన్న పొడి కన్నా అదే సరైన పరీక్ష.

మూత్రానికి వేరే దారి

గర్భిణులను మినహాయిస్తే, మూత్రంలో అయోడిన్ మధ్యస్థం లీటరుకు 100 నుంచి 199 మైక్రోగ్రాములు ఉంటే ఆ జనాభాకి అయోడిన్ సరిపోతున్నట్టు. ఒక మనిషి ఒక్కసారి ఇచ్చిన శాంపిల్‌తో ఆ మనిషి గురించి తేల్చకూడదు. కొలత పరంగా చూస్తే లీటరు మూత్రంలో సోడియం, క్లోరిన్ గ్రాముల్లో ఉంటాయి. నిష్పత్తి పాలపొడి కన్నా పది, ఇరవై రెట్లు ఘోరం. కవచం ఒక్కటే చాలదు, వికిరణం తర్వాత రసాయనంతో అయోడిన్‌ని వేరుచేయాలి.

ఒక మిల్లీలీటరు మూత్రాన్ని వయల్‌లోనే ఫ్రీజ్ డ్రై చేసి వికిరణం చేయండి. బయటికి రాగానే 15 మిల్లీగ్రాముల అయోడిన్‌కి సరిపడా పొటాషియం అయోడైడ్ ఉన్న క్షార ద్రావణంలో కరిగించండి. వయల్ గోడల్ని కూడా దాంతోనే కడగండి. ముందు హైపోక్లోరైట్‌తో ఆక్సీకరించి, తర్వాత బైసల్ఫైట్‌తో క్షయకరించండి. ఇందాక చెప్పిన తెగిపోయిన పరమాణువులన్నీ, మీరు కలిపిన అయోడైడ్‌తో ఒకే రూపంలోకి రావడానికే ఈ రెండు మెట్లు. ఇవి దాటవేస్తే లెక్క నమ్మదగినది కాదు. ఇప్పుడు ఆమ్లం, కొద్దిగా సోడియం నైట్రైట్ వేసి వెంటనే క్లోరోఫాంతో కుదపండి. అయోడిన్ ఊదా రంగులో కిందికి దిగుతుంది. నైట్రైట్ బ్రోమైడ్‌ని కదిలించదు కాబట్టి బ్రోమిన్, సోడియం, క్లోరిన్ అన్నీ పైనే ఉండిపోతాయి. క్లోరోఫాంని నీటితో కడిగి, సల్ఫైట్ ద్రావణంతో కుదిపి అయోడిన్‌ని తిరిగి నీటిలోకి తెచ్చి, సిల్వర్ నైట్రేట్‌తో పసుపు అవక్షేపం చేసి వడపోయండి. లెక్కపెట్టాక ఆరబెట్టి తూచితే, కలిపిన 15 మిల్లీగ్రాముల్లో ఎంత తిరిగి వచ్చిందో తెలుస్తుంది. సిల్వర్ అయోడైడ్ బరువులో 54 శాతం అయోడిన్.

ఇందులో గొప్ప సౌకర్యం ఒకటుంది. రసాయనాలన్నీ వికిరణం తర్వాతే కలుస్తున్నాయి కాబట్టి వాటిలోని అయోడిన్ కొలతని పాడుచేయదు. కష్టం సమయం దగ్గర. మొత్తం 20, 25 నిమిషాల్లో అవ్వాలి, అంటే సంకేతంలో సగం మీ చేతుల్లోనే కరిగిపోతుంది. రేడియోధార్మికత లేని శాంపిల్‌తో పదిసార్లు స్టాప్‌వాచ్ పెట్టుకుని సాధన చేయండి. అంతా ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి. క్లోరోఫాం ఆవిరి వల్లే కాదు, పీల్చిన అయోడిన్ నేరుగా థైరాయిడ్‌కే చేరుతుంది కాబట్టి కూడా. ఒంటికి తగిలిన రేడియేషన్‌ని కొలిచే డోస్ బ్యాడ్జ్ లేకుండా ఆ గదిలోకి వెళ్లకండి.

పని అయ్యాక వయల్స్‌ను సీసం అరలో రెండు వారాలు ఉంచండి. సోడియం-24 వారంలోనే వెయ్యో వంతుకి పోతుంది కానీ బ్రోమిన్-82 అర్ధాయువు 35 గంటలు, దానికి రెండు వారాలు కావాలి. సర్వే మీటర్‌తో చూసి, భద్రతాధికారి సంతకం అయ్యాకే బయటికి. వికిరణం చేయని పొడి కొంత మిగిలితే గాలి చొరని సీసాలో, తూకం రాసి ఫ్రీజర్‌లో దాచండి. మీ అంకెను ఎవరైనా ఐసీపీ-ఎంఎస్‌తో సరిచూడాలనుకుంటే వాళ్లకి ఇవ్వాల్సింది ఆ పొడే.